మంచి సైకిల్ కాలేజీకి పంపాలా, ఇంట్లో దాచాలా?

ఈరోజు పైరు సంగతి కాదు, పిల్లల సైకిల్ సంగతి.

మా అమ్మాయికి టౌన్లో డిగ్రీ సీటొచ్చింది. హాస్టల్ నుంచి కాలేజీకి 3 కిలోమీటర్లు. షేర్ ఆటోకి పోనూ రానూ 40 రూపాయలు, అంటే నెలకు వెయ్యి. మిర్చి డబ్బులు రాగానే 14,000 పెట్టి గేర్ల సైకిల్ కొన్నాం. 14 నెలలు తొక్కితే దాని డబ్బు అదే తెస్తుంది. వాళ్ళమ్మ మాత్రం, "అంత ఖరీదైంది అక్కడ ఉండనిస్తారా? పాతది తీసుకుపో" అంది.

ఆమె భయం ఊరికే కాదు. పోయినేడు మా వీధి కుర్రాడి కొత్త సైకిల్ హాస్టల్ షెడ్లోంచి పోయింది. దానికి తాళం కూడా వేసే ఉంది. కానీ ఎలాంటి తాళం? వెనక చక్రానికి కంపెనీ వాళ్ళు బిగించి ఇచ్చేది. అది గేదె కాళ్ళకు బందం వేసినట్టే. నడవలేదు గానీ ఎత్తి ఆటోలో వేసుకుంటే ఆపేదేముంది? మనం పశువును గుంజకు కడతాం. సైకిల్ కూడా అంతే. గట్టి తాళం ఫ్రేములోంచి, వెనక చక్రంలోంచి పోనిచ్చి, భూమిలో పాతిన ఇనప స్తంభానికి వెయ్యాలి. సన్న వైరు తాళాలు కట్టరుకు ఆగవు. మన మోటార్ల దగ్గర కేబుల్ ఎలా కోసుకుపోతున్నారో తెలిసిందేగా. కొన్ని గేర్ల సైకిళ్ళకు ముందు చక్రం చేత్తో మీట తిప్పితేనే ఊడొస్తుంది. దానికీ ఇంకో తాళం ఉండాలి. దసరా, సంక్రాంతి సెలవులకు షెడ్లో వదిలి రాకూడదు.

ఇంకోటి. పెడళ్ళ ఇరుసు కింద ఫ్రేము మీద ఒక నంబరు గుద్ది ఉంటుంది. గేదె చెవికి వేసే 12 అంకెల ట్యాగు లాంటిదనుకోండి. కొన్నరోజే దాన్ని ఫోటో తీసి, బిల్లుతో కలిపి ఫోన్లో పెట్టుకోవాలి. రేపు దొరికిన సైకిల్ మనదేనని చూపించేది ఆ నంబరే. సైకిలేగా అని ఊరుకోవద్దు, అదీ దొంగతనమే. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 303 సెక్షన్ కింద వస్తుంది. ఎఫ్ఐఆర్ కాపీ డబ్బులు తీసుకోకుండా ఇవ్వాలి.

ఆ కుర్రాడి విషయంలో నన్ను బాధపెట్టింది వేరే ఉంది. నాన్న తంతాడని పది రోజులు ఇంట్లో చెప్పలేదు వాడు. ఎండలో నడుచుకుంటూ పోయి, మొదటి పీరియడ్లు పోగొట్టుకున్నాడు. విషయం తెలిసి కాలేజీకి పోయేసరికి కెమెరాలో ఆ రోజు రికార్డు చెరిగిపోయింది.

అందుకే మా అమ్మాయి కొత్త సైకిలే తీసుకెళ్ళింది. తాళాలకు ఇంకో 1,500 అయింది. పంపేటప్పుడు ఒకటే చెప్పా: "జాగ్రత్తగా కట్టుకో. అయినా పోతే ఆ గంటలోనే ఫోన్ చెయ్యి తల్లీ. దొంగతనం చేసినోడిది తప్పు, నీది కాదు. సైకిల్ పోయిందని చదువు మానిపించను."

మీ పిల్లలకు సైకిల్ కొనిస్తే ఈ మాట కూడా చెప్పి పంపండి.