యూరియా సంచి, స్నూపీ బ్యాగు



పరిశుద్ధ గ్రంథంలో సంచులు చాలాచోట్ల కనబడతాయి. గొల్యాతు మీదికి వెళ్లేముందు దావీదు ఏటిలో ఏరుకున్న ఐదు నున్నని రాళ్లు గొర్రెల కాపరి సంచిలో వేసుకున్నాడు. యోసేపు వెండి గిన్నె బెన్యామీను గోనెలో దొరికింది. శిష్యుల డబ్బు సంచి ఇస్కరియోతు యూదా చేతిలో ఉండేది. కష్టపడి తెచ్చిన కూలి చిల్లుల సంచిలో వేసినట్టు అయిపోతోందని హగ్గయి ప్రవక్త తన జనాన్ని హెచ్చరించాడు. మన ప్రభువైతే లూకా 12వ అధ్యాయంలో పాతబడిపోని సంచులు సంపాదించుకోమన్నాడు. సంచి చిన్న వస్తువే. కానీ మనిషి దేనికి విలువ ఇస్తాడో, దేనికి భయపడతాడో అది చెబుతుంది. ఈ వారం సంచిని గురించే కాసేపు ఆలోచన చేద్దాం.

మన సంఘంలోనే పెరిగి, ఇప్పుడు న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తున్న ఒక సహోదరి ప్రేమతో పిలిస్తే మేమిద్దరమూ అమెరికా వెళ్లివచ్చిన సంగతి మీకు తెలుసు. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాము. ఒక శనివారం ఆమె తన పదేళ్ల కుమార్తెను వెంటబెట్టుకుని మాకు న్యూయార్కు చూపించింది. మన్‌హట్టన్‌లో ఫిఫ్త్ అవెన్యూ అనే పెద్ద వీధి ఉంది. సెయింట్ పాట్రిక్స్ అనే పేరుగల పెద్ద కేథడ్రల్ ఆ వీధిలోనే ఉంది, ఖరీదైన దుకాణాలూ ఆ వీధిలోనే ఉన్నాయి. కేథడ్రల్ చూసి బయటికి వచ్చాక పాప, కోచ్ అనే హ్యాండ్‌బ్యాగుల షోరూముకు వెళ్దామని అడిగింది. అక్కడికి స్నూపీ బ్యాగులు వచ్చాయట.

స్నూపీ మన ఊళ్లో చాలామందికి తెలియదు గనుక చెబుతాము. స్నూపీ ఒక తెల్ల కుక్కపిల్ల బొమ్మ. క్షౌరశాల నడిపే తండ్రికి పుట్టిన చార్లెస్ షుల్జ్ అనే ఆయన 1950 అక్టోబరులో 'పీనట్స్' అనే బొమ్మల కథను పత్రికల్లో మొదలుపెట్టి, దాదాపు 50 ఏళ్లు తన చేతితోనే గీశాడు. 2000 ఫిబ్రవరిలో ఆఖరి ఆదివారపు బొమ్మ పత్రికలో రావడానికి ముందు రాత్రి ఆయన కన్నుమూశాడు. కోచ్ అన్నది 1941లో మన్‌హట్టన్‌లోనే చిన్న తోలు కార్ఖానాగా మొదలైన సంస్థ. బేస్‌బాల్ ఆటగాళ్ల చేతి తొడుగు వాడేకొద్దీ మెత్తబడుతుందని గమనించి, అటువంటి తోలుతో బ్యాగులు చేసి వాళ్లు పేరు తెచ్చుకున్నారు. ఇటువంటి సంస్థలు పిల్లల బొమ్మల హక్కుదారులతో ఒప్పందం చేసుకుని కొంతకాలం ఆ బొమ్మలతో సరుకు తయారుచేస్తాయి. చిన్నప్పుడు పత్రికలో చూసి నవ్వుకున్న బొమ్మను పెద్దయ్యాక డబ్బు పెట్టి భుజాన వేసుకుంటారు.

తలుపు దగ్గర నిలబడినతను మమ్మల్ని మర్యాదగా లోపలికి పిలిచాడు. అరల్లో బ్యాగులు దూరదూరంగా పెట్టారు, ఒక్కొక్కదాని మీద ఒక్కొక్క దీపం. తోలు మీద స్నూపీ ఒకచోట పడుకుని ఉంది, ఒకచోట గంతులేస్తోంది. పాప ముఖం వెలిగిపోయింది. మేము ఒకదాని చీటీ తిప్పి చూశాము. నాలుగు వందల డాలర్లకు దగ్గరగా ఉంది. మన డబ్బులో ముప్పై వేలు దాటుతుంది. మిరపకోతలకు వెళ్లే మన తల్లులకు అది ఎన్ని రోజుల కూలి అని మనసు లెక్క వేయడం మొదలుపెట్టింది.

ఆ లెక్క నోటిదాకా వచ్చేసరికి యోహాను 12వ అధ్యాయం గుర్తొచ్చింది. మరియ అత్తరు పోసినప్పుడు, దాన్ని మూడు వందల దేనారాలకు అమ్మి బీదలకు ఇవ్వవచ్చు గదా అని లెక్క చెప్పినవాడు యూదా. డబ్బు సంచి అతని చేతిలోనే ఉంది. ఎదుటివాళ్ల ఖర్చును బీదల పేరున లెక్కగట్టడం సులువు. లెక్కకు ముందు మనిషిని చూడాలి. మేము చీటీ వదిలేసి ఆ సహోదరి వైపు చూశాము.

ఆమె అప్పటికే ఒక బ్యాగు చేతిలోకి తీసుకుని మా శ్రీమతి దగ్గరికి వచ్చింది. "అమ్మగారూ, ఇది మీకు. కాదంటే నేను ఊరుకోను."

"నాకెందుకమ్మా ఇది? నా పెద్దక్షరాల బైబిలు సగం కూడా పట్టదు ఇందులో" అని మా శ్రీమతి నవ్వింది. ఆ సహోదరి కూడా నవ్వింది. నవ్వుతూనే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా బడి సంచి మీకు గుర్తుందా అమ్మగారూ?" అని అడిగింది.

గుర్తులేకపోవడమేమిటి? మేము సేవకు వచ్చిన కొత్తలో ఆ అమ్మాయి హైస్కూల్లో చదువుతుండేది. ఖాళీ యూరియా బస్తా కత్తిరించి వాళ్లమ్మ చేత్తో కుట్టిన సంచి అది. వానకు పుస్తకాలు తడవవని ఆ తల్లికి ఎంతో సంతోషం. కానీ బళ్లో పిల్లలు ఈ అమ్మాయిని పేరు పెట్టి పిలవడం మానేసి 'యూరియా' అని పిలిచేవారట. ఆ సంగతి అప్పుడు మాకు తెలియదు, ఆ తల్లికీ తెలియదు. "ఇప్పటికీ అయ్యగారూ, ఆఫీసులో మీటింగుకు వెళ్లేటప్పుడు భుజాన మంచి బ్యాగు లేకపోతే నాకు ఆ పేరే వినబడుతుంది. జీతం పెరిగినప్పుడల్లా ఒక బ్యాగు కొన్నాను. ఇంట్లో పదకొండు ఉన్నాయి. అయినా వినబడుతూనే ఉంది" అంది. పక్కనే స్నూపీ బ్యాగు పట్టుకుని నిలబడ్డ పాప ఈ మాట మొదటిసారి వింటోంది. ఆ బిడ్డ తల్లి చేతిని పట్టుకుంది.

అక్కడ మేము ప్రసంగం చేయలేదు. ఒక్క మాట మాత్రం చెప్పాము. "అమ్మా, ఆదివారం నాడు ఆ సంచిలోనే గదా పిడికెడు బియ్యపు కానుక తెచ్చేదానివి. మీ అమ్మ పూటపూటా కుండలో వేయబోయే బియ్యంలోనుంచి ఒక పిడికెడు తీసి దాచి పంపేది. నువ్వు ఆ బియ్యాన్ని బల్ల ముందు పోసినప్పుడు ప్రభువు సంచి మీది అక్షరాలు చదవలేదు. నిన్ను పేరు పెట్టి పిలిచాడు."

ఆ రోజు ఆమె బ్యాగు కొన్నదా లేదా అని మీలో కొందరు అడుగుతారు. అది ఆమెకూ ప్రభువుకూ మధ్య సంగతి. మా శ్రీమతి మాత్రం పాత సంచితోనే తిరిగి వచ్చింది. అది మీరు చూస్తూనే ఉన్నారు.

ఆ రాత్రి వాళ్ల ఇంట్లో పాప మాకు ఒక బొమ్మల చిత్రం చూపించింది. పేరు 'ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్'. 1965 డిసెంబరు 9న అమెరికా టీవీలో మొదటిసారి వచ్చిన అరగంట చిత్రం. అందులో చార్లీ బ్రౌన్ అనే పిల్లవాడు, పండుగంతా వ్యాపారమైపోయిందని దిగులుపడతాడు. అతని కుక్కపిల్ల స్నూపీయే బహుమతి డబ్బు కోసం తన గూటికి రంగుల దీపాలు కడుతుంది. క్రిస్మస్ అంటే ఏమిటో ఎవరికైనా తెలుసా అని అతను గట్టిగా అడిగితే, లైనస్ అనే చిన్న పిల్లవాడు వేదిక మధ్యకు వచ్చి లూకా సువార్త 2వ అధ్యాయం నుండి వాక్యం చెబుతాడు. టీవీలో వాక్యం వినిపించడానికి తోటివారు జంకినా షుల్జ్ పట్టు విడవలేదు. వ్యాపారాన్ని ప్రశ్నించిన ఆ కథలోని కుక్కపిల్లే ఇప్పుడు దుకాణం అద్దాల వెనుక కూర్చుందని మేము నవ్వుకున్నాము. షుల్జ్ బతికుండగానే ఆ బొమ్మలు చొక్కాల మీదా గడియారాల మీదా వచ్చాయి. లోకం అలాంటిదే, దాన్ని చూసి ఆశ్చర్యపడవలసింది లేదు.

మమ్మల్ని ఆపిన సంగతి వేరే ఉంది. లైనస్ చేతిలో ఎప్పుడూ ఒక నీలం దుప్పటి ఉంటుంది. అది లేకపోతే వాడికి భయం. ఎవరు నవ్వినా, అక్క లాక్కోబోయినా వదలడు. కానీ గొల్లలను భయపడవద్దని దూత చెప్పిన మాట వచ్చేసరికి వాడి చేతిలోనుంచి ఆ దుప్పటి జారిపోతుంది. ఎవరూ వాడిని తిట్టలేదు, ఎవరూ లాగలేదు. మాట లోపలికి వెళ్లింది, చెయ్యి తెరుచుకుంది.

ప్రియులారా, మనలో ఎవరి దుప్పటి వారికుంది. పెళ్లికి వెళ్లడానికి పక్కింటి నగ అరువు తెచ్చుకుంటాము. బంధువుల ముందు చిన్నబోకూడదని వడ్డీకి తెచ్చి విందు పెడతాము. కొడుకు స్నేహితులకు తీసిపోకూడదని వాయిదాల మీద బండి కొంటాము. సేవకులమైన మాకూ ఉన్నాయి, ఫ్లెక్సీలో పెద్ద ఫోటో, పక్క ఊరికి వినబడే మైకు సెట్టు. వీటన్నిటి కిందా ఒకటే భయం, మనల్ని ఎవరో ఏదో పేరు పెట్టి పిలుస్తారని. హగ్గయి చెప్పిన చిల్లు ఇక్కడే ఉందేమో. ఎంత వేసినా సంచి నిండదు.

పాతబడని సంచి ఎలా ఉంటుందో చూడాలంటే మనం గుంటూరు వెళితే చాలు. 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ అమెరికా నుండి గుంటూరు వచ్చింది. ఆమెను పంపింది అక్కడి లూథరన్ స్త్రీల మిషనరీ సంఘం. ఆమె కట్టించిన ఆసుపత్రి 1898లో తెరిచారు. తాము ఎన్నడూ చూడని ఊరి స్త్రీల కోసం తమ సంచులు విప్పిన ఆ తల్లుల పేర్లు మనకు తెలియవు. వారు ఏ బ్యాగు పట్టుకుని గుడికి వెళ్లారో ఎవరూ అడగరు. ఆ సంచుల్లోనుంచి వచ్చినది మాత్రం ఇంకా ఆ ఆసుపత్రి పేరున నిలిచే ఉంది. ఒకప్పుడు మనకోసం తెరుచుకున్న చేతులు ఆ దేశంలోవే అని మరచిపోకుండా, అక్కడి మన బిడ్డలను తీర్పు తీర్చకుండా ప్రార్థనలో పెట్టుకుందాం.

మంచి వస్తువు కొనుక్కోవడం పాపమని మేము చెప్పడం లేదు. కొనేముందు ఒక్క ప్రశ్న ప్రభువు ఎదుట అడగండి. ఇది అవసరానికా, సంతోషానికా, లేక ఒక పాత మాట వినబడకుండా ఉండడానికా? మూడవదైతే, ఆ మాట ఎవరు అన్నారో, ఎప్పుడు అన్నారో ముందు ప్రభువుతో చెప్పుకోండి. మీ ఇంట్లో పిల్లలను కూడా దగ్గర కూర్చోబెట్టుకుని, బళ్లో మిమ్మల్ని ఏమని పిలుస్తున్నారని అడగండి. తల్లిదండ్రులకు తెలియని పేర్లు పిల్లలు చాలా ఏళ్లు మోస్తారు.

మన పేరు ఎరిగిన దేవుడు మన చేతులను భయం నుండి విడిపించి, ఇచ్చే చేతులుగా చేయును గాక. ఆమేన్.