ఎండ కావాలి... చిల్లు వద్దు!

వేసవిలో ఎండను తిట్టుకోని ఇల్లుండదు. చలి మొదలయ్యాక అదే ఎండ కోసం ఎదురుచూడని ఇల్లూ ఉండదు. రెండు కాలాల్లోనూ పని తప్పనిది మాత్రం మిద్దెకే! ఏప్రిల్లో వేడిని కిందికి దిగనివ్వకూడదు. డిసెంబరులో అదే వేడితో నీళ్లు కాచిపెట్టాలి. ఒక పని చేయించబోయి రెండోది చెడగొట్టుకుంటేనే చిక్కు.

వెనకటి మిద్దెల మీద సున్నం, ఇటుక ముక్కలతో మందంగా గచ్చు వేసేవారు. ఇంట్లో చల్లగా ఉండేది. సిమెంటు శ్లాబు అలా కాదు, పగలంతా వేడిని పీల్చుకుని రాత్రి తీరిగ్గా ఇంట్లోకి వదులుతుంది. అందుకే ఇప్పుడు చాలామంది శ్లాబు మీద నీరు దిగని పూత, దానిపైన థర్మోకోల్ లాంటి గట్టి పలకలు, ఆపైన పల్చటి కాంక్రీటు, తెల్ల టైల్స్ వేయిస్తున్నారు. 2023 ఏప్రిల్లో తెలంగాణ ప్రభుత్వం చల్లని కప్పుల కోసం ఏకంగా ఓ విధానాన్నే ప్రకటించింది.

హైదరాబాద్ శివార్లలోని ఓ కుటుంబం కూడా అదే చేసింది. పైఅంతస్తు గది నాయనమ్మది. ఎండలకు ఆవిడ పడే అవస్థ చూడలేక కొడుకు కప్పు పని చేయించాడు. చలికాలం రాగానే ఆవిడ మోకాళ్లకు తెల్లవారుజామున వేడినీళ్లు కావాల్సివచ్చాయి. సోలార్ హీటర్ కొన్నారు. బిగించడానికొచ్చిన కుర్రాడు డ్రిల్లింగ్ మిషన్ తీశాడు.

''నాలుగు చిల్లులే కదమ్మా! బోల్టులేసి చుట్టూ సిలికాన్ పెట్టేస్తా'' అన్నాడు కోడలితో.

''కుండకి ఒక్క చిల్లు చాలదా నాయనా?'' అంది నాయనమ్మ.

ఆవిడ మాటలో నిజం ఉంది. బోల్టు టైలుతో ఆగదు. పలకనూ, దాని కిందున్న పూతనూ చీల్చుకుని శ్లాబులోకి దిగుతుంది. ఎండకూ వానకూ సిలికాన్ పట్టు వదిలిందంటే నీరు ఆ దారినే లోపలికి జారుతుంది. చిల్లు ఒకచోట ఉంటే చెమ్మ మరోచోట కనిపిస్తుంది. ఎక్కడని వెతుకుతారు? పైగా నీరు పట్టిన పొర వేడినీ సరిగా ఆపలేదు. వేడినీళ్ల కోసం పెట్టిన ఖర్చు చల్లదనం కోసం పెట్టిన ఖర్చును మింగేస్తుందన్నమాట!

కోడలు ఆ రోజుకు పని ఆపించింది. ''ఇంకా ఎన్ని రోజులు?'' అని భర్త విసుక్కున్నా వినలేదు. మేస్త్రీని పిలిపించి, కింద దూలాలున్న చోట వెడల్పాటి కాంక్రీటు దిమ్మెలు పెట్టించింది. వాటి అడుగున రబ్బరు షీటు పరిపించింది. బోల్టులన్నీ దిమ్మెల్లోకే దిగాయి. 200 లీటర్ల ట్యాంకంటే నీళ్ల బరువే 200 కిలోలు. దిమ్మె వెడల్పుగా ఉంటే ఆ బరువు ఒక్కచోటే పడి కింది పలకను నలిపేయదు.

మిగతాదంతా సూర్యుడి లెక్క. హైదరాబాద్ 17 డిగ్రీల అక్షాంశం దాటి ఉంది. చలికాలంలో సూర్యుడు దక్షిణాన కిందుగా నడుస్తాడు కాబట్టి గొట్టాలను దక్షిణానికి తిప్పి, 30 డిగ్రీల వరకూ వాలు ఇస్తే మేలు. పిట్టగోడ నీడ పడకూడదు. గొట్టాల్లో వేడెక్కిన నీరు తేలికై పైనున్న ట్యాంకులోకి చేరుతుంది, చల్లనిది కిందికి దిగుతుంది. అందుకు మోటారు అక్కర్లేదు. 200 లీటర్లను 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవాలంటే గీజరుకు 8 యూనిట్లకు పైగా కరెంటు కావాలి మరి!

ఇల్లు కట్టుకుంటున్నవాళ్లకు ఇంత హైరానా ఉండదు. శ్లాబు మీద ముందే దిమ్మెలు లేపి, నీరు దిగని పూతను వాటి మెడదాకా జానెడు ఎత్తున ఎక్కించి, ఆ తర్వాత పలకలు పరిస్తే సరి. తీరప్రాంతాల్లో ఇదే మంచిది. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్‌ను చూసినవారికి గాలి సంగతి వేరే చెప్పాలా? అక్కడ దిమ్మె బరువొక్కటే చాలదు, లోపలి ఇనుప చువ్వలు శ్లాబుతో కలిసి ఉండాలి.

హీటర్ కొనేటప్పుడు ఎన్ని లీటర్లు, ఎంత ధర అని అందరూ అడుగుతారు. ''బోల్టు ఎక్కడ దిగుతుంది?'' అని కూడా అడిగితే, అటు స్నానాలగదిలో వేడినీళ్లకూ ఇటు పైగదిలో చల్లదనానికీ లోటుండదు.