ఎర్రగడ్డ నుంచి మూడో స్టేషన్

ఎర్రగడ్డ పేరు చెప్పగానే చాలామంది నోట సినిమాలు నేర్పిన పాత జోకొకటి వస్తుంది. మానసిక వైద్యశాల ఉన్న చోటికి ఆ బెడద తప్పదు కాబోలు. రాయలసీమవాళ్లకైతే ఎర్రగడ్డ అంటే కూరలోకి తరుక్కునే ఉల్లిపాయ. సమాచార సాంకేతికత ఎలా మారుతూ వచ్చిందో ఆలోచించేవాళ్లకు మాత్రం ఎర్రగడ్డ అనగానే ఆదివారం సంత గుర్తుకు రావాలి. ముంబయి హైవే వారన పరిచిన పట్టాల మీద, తుప్పు పట్టిన రెంచీలకూ కాళ్లు ఊగే కుర్చీలకూ మధ్య పాత కీబోర్డులు, ఛార్జర్లు, ఫోన్లు కుప్ప పోసి ఉంటాయి. యూఎస్‌బీ రాకముందు కాలపు కీబోర్డు తీగ చివర ఊదారంగు గుండ్రటి మూతి ఉండేది, మౌసుకైతే ఆకుపచ్చది. లోపల వెంట్రుకల్లాంటి పిన్నులు. తొందరలో గుచ్చి వాటిలో ఒకటి వంచామంటే ఆ పూటకి పని ఆగినట్టే. ఒక తరం మొత్తం కంప్యూటరు ముందు పడ్డ భయభక్తులన్నీ ఆ పిన్నుల్లో ఉన్నాయి. ఇప్పుడవి తూకానికి పోయే సరుకు. యంత్రాల చరిత్ర రాయదలచినవాడికి ఈ సంతను మించిన గ్రంథాలయం అక్కర్లేదు. చరిత్రలో రెండో సగం మాత్రం ఇక్కడ దొరకదు. దానికి ఎర్రగడ్డలో మెట్రో ఎక్కి, ఈఎస్ఐ ఆసుపత్రి, ఎస్సార్ నగర్ దాటి, మూడో స్టేషన్ అమీర్‌పేటలో దిగాలి.

మనం మామూలుగా చెప్పుకునే కథ యంత్రాల కథే. ఎస్టీడీ బూతులో మీటరు అంకెలు చూసుకుంటూ మాట్లాడిన రోజులు పోయాయి. 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్ సేవలు మొదలుపెట్టింది. 2013 జులైలో టెలిగ్రాముకి మంగళం పాడారు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా ధరను నేలకు దించింది. ఇలా ఒకదాన్ని ఒకటి తోసేసుకుంటూ యంత్రాలు వచ్చాయనీ, చివరికి దూరం అనేదే లేకుండా పోయిందనీ, ఇక ఎక్కడుంటే ఏమిటనీ ముగిస్తాం. పరాయి దేశాల్లో ఉన్న మనకి ఈ కథ మరీ ఇష్టం. ఇందులో దూరమూ లేదు, అప్పూ లేదు. తెలివి ఉంది, వైరు ఉంది, వచ్చేశాం. నాకు ఈ కథ మీద నమ్మకం లేదు. చోటుకు విలువ లేకుండా చేస్తానన్న సాంకేతికత తెలుగువాళ్ల దగ్గరికి ఒక చోటు గుండానే వచ్చింది. ఆ చోటు లేకుంటే మనలో చాలామందిమి ఇక్కడ ఉండేవాళ్లం కాదు. దాన్ని ప్రతిభ అని పిలుచుకోవడం మన సౌకర్యం.

అమీర్‌పేట అంటే పేటంతా కాదు. మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్, ఆ చుట్టుపక్కల నాలుగు సందులు. చూరు నుంచి చూరుకి కంప్యూటరు కోర్సుల బోర్డులు, మెట్ల మలుపుల్లో బోర్డులు, చేతిలో కుక్కే పాంప్లెట్లు. తొంభైల చివర్లో వాటి మీద కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ అని ఉండేది. 1959లో పుట్టిన కోబాల్ భాష అప్పటికే ముసలిది. ఆ ముసలిదానికి గిరాకీ తెచ్చింది రెండంకెల పొదుపు. మెమరీ ఖరీదుగా ఉన్న రోజుల్లో ప్రోగ్రాములు సంవత్సరాన్ని రెండంకెల్లోనే దాచుకున్నాయి. 991231 తర్వాతి రోజు 000101. కాలం ముందుకు పోయిందో వందేళ్లు వెనక్కి పోయిందో యంత్రానికి తెలియదు. అమెరికా బ్యాంకులూ బీమా కంపెనీలూ లక్షల వరసల పాత ప్రోగ్రాముల్లో ఆ రెండంకెలను వెతికి దిద్దించుకోవలసి వచ్చింది. అక్కడి కుర్రకారు ఎప్పుడో వదిలేసిన భాష అది. ఏటా 65,000 ఉన్న హెచ్-1బి ఉద్యోగ వీసాల పరిమితిని 1999, 2000 సంవత్సరాలకు 1,15,000కి, ఆ తర్వాతి మూడేళ్లకు 1,95,000కి అమెరికా పెంచింది. ఆ కిటికీ తెరుచుకున్నంతసేపే బోర్డుల మీద కోబాల్ ఉంది. పని అయిపోయింది, కోబాల్ దిగింది, జావా ఎక్కింది. తర్వాత డాట్‌నెట్, శాప్, టెస్టింగ్, హడూప్, క్లౌడ్. సాంకేతికత పరిణామానికి ఇంత నిక్కచ్చి పంచాంగం ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు.

ఇక్కడొక ప్రశ్న తప్పించుకోలేం. జావా పుట్టిన కొద్దికాలానికే దాని పాఠాలు, వివరణలు తయారుచేసినవాళ్లే వెబ్‌లో పెట్టారు, అదీ ఉచితంగా. సమాచారం పైసా ఖర్చు లేకుండా తెర మీద ఉండగా శ్రీకాకుళం నుంచీ ఖమ్మం నుంచీ పిల్లలు బస్సెక్కి వచ్చి, నలుగురైదుగురు ఒక గదిలో ఇరుక్కుని, అదే సంగతి డబ్బిచ్చి ఎందుకు విన్నారు? సమాచారానికి కరువు లేదు, కరువల్లా క్రమానికి. వెయ్యి పేజీల్లో ముందు ఏ ఇరవై చదవాలి, ఏ అధ్యాయం ఇంటర్వ్యూలో అడుగుతారు, ఏ సంగతి పేరు తెలిస్తే చాలు అన్నది పుస్తకం చెప్పదు. నిన్న ఇంటర్వ్యూకి వెళ్లొచ్చినవాడు చెబుతాడు. వాడు ఉండేది పక్క మంచం మీద. ఎస్సార్ నగర్ హాస్టల్‌లో, ఎర్రగడ్డ చవక గదిలో రాత్రి పదకొండింటికి నడిచే ఆ సంభాషణే అసలు వెబ్. అమీర్‌పేట కనిపెట్టిన మరో గొప్ప ఏర్పాటు డెమో క్లాసు. మొదటి రెండు మూడు రోజులు ఊరికే వినొచ్చు. అర్థమైతే ఫీజు కట్టు, కాకపోతే పక్క మెట్లెక్కు. ఫ్యాకల్టీ గారి పేరే పెట్టుబడి. కళాశాలల్లో ఏ ఆచార్యుడూ మూడు రోజులకోసారి ఇలాంటి పరీక్షకు కూర్చోడు.

అంతకన్నా పెద్ద కారణం భాష. అక్కడి పాఠం ఇంగ్లీషులో ఉందని బయటివాళ్లు అనుకుంటారు. నామవాచకాలు మాత్రమే ఇంగ్లీషు, వాటిని కలిపి కుట్టే దారమంతా తెలుగు. ఇన్‌హెరిటెన్స్ చెప్పాలంటే తాతగారి పొలం వస్తుంది. పొలం మీకొచ్చింది, ఆయన పత్తి వేసేవాడు, మీరు మిర్చి వేసుకున్నారు, పొలం అదే, పంట మార్చారు, దీన్నే ఓవర్‌రైడ్ చేయడం అంటాం. ఇలాంటి ఉపమానంతో తెలుగు మాధ్యమం కుర్రాడికి ఐదు నిమిషాల్లో వెలిగేది, ఇంగ్లీషు పుస్తకంతో ఐదు రోజులైనా వెలగదు. ఈ మాటల్ని ఎవరూ రాసుకోలేదు. జిరాక్సు మెటీరియల్‌లో ఇంగ్లీషు నిర్వచనాలే ఉండేవి, పొలమూ మిర్చీ గాల్లో కలిసిపోయేవి. అందుకే అక్కడికి వెళ్లి కూర్చోవలసి వచ్చేది.

ఈ విషయంలో ప్రవాసులుగా మన లెక్క కూడా చూసుకోవాలి. తెలుగును తెర మీదికి తేవడంలో బయటి దేశాల్లో ఉన్నవాళ్ల పాత్ర చిన్నది కాదు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయం పేరుతోనే ఉన్న ఆర్‌టీఎస్ పద్ధతి, ఇంగ్లీషు మీటలతో తెలుగు రాసుకునే దారి తొలినాళ్లలోనే వేసింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. యూనికోడ్‌లో తెలుగుకి 1991 నుంచే చోటుంది. ఇన్ని ఉండీ మనం వెబ్‌లోకి ఎక్కువగా ఎక్కించింది పద్యాలు, పాటలు, జ్ఞాపకాలు. వాటిని తక్కువ చేయను. మనకు అన్నం పెట్టిన విద్యను మాత్రం తెలుగులో రాయాలని ఎవరికీ తోచలేదు. తోచినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో ఒక తెలుగు అక్షరం వస్తే మెసేజీ యాప్‌లు కుప్పకూలిపోయాయి. మధ్యలో కంటికి కనబడని సంకేతం ఒకటి దూరిన ‘జ్ఞా’ అది. వారంలోపే ఆపిల్ మరమ్మతు పంపింది. జ్ఞానంలోని మొదటి అక్షరమే యంత్రానికి మింగుడు పడలేదని అప్పట్లో నవ్వుకున్నాం. ఆ అక్షరంతో మనం యంత్రశాస్త్రం ఏమీ రాయలేదన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

దీనికి మొదటి అభ్యంతరం ఇంజనీరింగ్ కళాశాలల వైపు నుంచి వస్తుంది. రాష్ట్రంలో వందల కళాశాలలు పుట్టకపోతే అమీర్‌పేటకు పిల్లలెక్కడి నుంచి వచ్చేవాళ్లని అడుగుతారు. న్యాయమైన మాట. పట్టా లేకపోతే వీసా లేదు. అయితే పట్టా ఇచ్చినది వేరు, పని నేర్పినది వేరు. ఎర్రగడ్డ రోడ్డునే పట్టుకుని అటువైపు పోతే కూకట్‌పల్లిలో జేఎన్‌టీయూ వస్తుంది. అక్కడి విద్యార్థులు తమను తాము సిలబస్ పేరుతో గుర్తించుకుంటారు: ఆర్09, ఆర్13, ఆర్16, ఆర్18, ఆర్22. ఆ అంకెలు సంవత్సరాలు. రెండు నుంచి నాలుగేళ్లకోసారి పాఠం మారుతుంది, మారిన పాఠంతో చేరినవాడు బయటికొచ్చేసరికి ఇంకో నాలుగేళ్లు. అదే రోడ్డు మీద మెట్రోలో పావుగంట దూరంలో ఉన్న వీధికి బోర్డు మార్చడానికి ఒక రాత్రి చాలు. విశ్వవిద్యాలయం తొందరపడకూడదు, దాని పని పునాది వేయడం, అది నేనూ ఒప్పుకుంటాను. పునాదికీ కప్పుకీ మధ్య నాలుగు గోడలు ఎవరో లేపాలి కదా.

రెండో అభ్యంతరం బరువైనది. అమీర్‌పేట నేర్పిందంతా విద్యేనా? లేని అనుభవాన్ని రెజ్యూమెలో రాయించడం, ఇంటర్వ్యూలో ఒకడి బదులు ఒకడు మాట్లాడటం, చెట్టు పేరు చెప్పి కాయలమ్మడం కూడా అక్కడే నేర్చుకోలేదా? నేర్చుకున్నారు. దానివల్ల నిజాయితీగా చదివినవాడి మీదా అనుమానం పడింది, ఇంకా పడుతోంది. దీన్ని ఒక వీధి బుద్ధిగా చూసేవాళ్లు షియాంగ్ బియావ్ అనే చైనా మానవశాస్త్రవేత్త పుస్తకం తిరగేయాలి. 2007లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం ప్రచురించిన ఆ పుస్తకం కోసం ఆయన హైదరాబాదులోనూ సిడ్నీలోనూ మనవాళ్ల మధ్య తిరిగాడు. ఐటీ కూలీ ఎలా తయారవుతాడో, ఏ కన్సల్టెన్సీ నుంచి ఏ కన్సల్టెన్సీకి చేతులు మారతాడో, పని లేనప్పుడు బెంచీ మీద ఎవరి ఖర్చుతో కూర్చుంటాడో చూశాడు. కోస్తా పొలాల మిగులు, కట్నాల డబ్బు ఈ చదువులోకి ఎలా ప్రవహించాయో కూడా గుర్తించాడు. నిన్నగాక మొన్న పుట్టిన సాధనంలో మూడేళ్ల అనుభవం కావాలని అడిగే చోట అబద్ధం ఒక వైపు నుంచే మొదలవదు. అలాగని అబద్ధం అబద్ధం కాకుండా పోదు. మన విజయగాథల్లో పొలమూ కట్నమూ కనబడవు గానీ, అవి లేకుండా ఆ గాథ లేదు.

మూడో అభ్యంతరం నా వాదానికి సూటిగా తగులుతుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది, క్లాసులన్నీ జూమ్‌లోకి వెళ్లాయి, అదే ఫ్యాకల్టీ ఇప్పుడు గుంటూరుకీ గోదావరిఖనికీ డల్లాస్‌కీ ఒకేసారి చెబుతున్నారు. మరి చోటు చచ్చిపోయినట్టే కదా? సగం ఒప్పుకుంటాను. అయితే వెబ్‌లోకి వెళ్లిందేమిటో చూడండి. రాసిన పాఠం కాదు, గొంతు. పొలమూ మిర్చీతో సహా ఆ గొంతే యూట్యూబ్‌కెక్కింది, ఇన్నాళ్లూ గాల్లో కలిసినది మొదటిసారి నిలబడింది. వెబ్ ఆ వీధిని మింగలేదు, వీధే వెబ్‌లో ఒక వాటా అద్దెకు తీసుకుంది. పక్క మంచం మాత్రం అందులోకి ఎక్కలేదు. ఇంకో రుజువు మన కాళ్ల కిందే ఉంది. ల్యాప్‌టాప్ ఉంటే అలాస్కాలోనైనా పని చేసుకోగల వృత్తి మనది. 2010, 2017 మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవాళ్లు 86 శాతం పెరిగారని జనగణన శాఖ అంకెలు చెప్పాయి. అంతమందిమి దేశమంతా చెదిరిపోయామా? డల్లాస్ పక్కన ఇర్వింగ్, ఫ్రిస్కో, న్యూజెర్సీలో ఎడిసన్. గోంగూర దొరికే చోట, గుడి ఉన్న చోట, ఉద్యోగం పోతే వారంలో ఇంకో పేరు చెప్పే మనిషి ఉన్న చోట చేరాం. దూరం చచ్చిపోయిందని ప్రపంచానికి సాఫ్ట్‌వేర్ రాసి ఇచ్చే మనుషులు తాము మాత్రం ఒకరి ఇంటికి ఒకరు నడిచి వెళ్లేంత దగ్గరలో ఇళ్లు కొనుక్కుంటున్నారు. సాంకేతికత వార్తను మోస్తుంది, పూచీ పడదు. పూచీ పడటానికి మనిషి తెలిసి ఉండాలి.

ఇప్పుడు వీధి బోర్డుల మీదికి ఏఐ ఎక్కింది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక, అడిగినదాన్ని తెలుగులో అయినా ఓపిగ్గా చెప్పే ఫ్యాకల్టీ ప్రతి జేబులోనూ ఉన్నాడు. ఏ ఇరవై పేజీలు చదవాలో అతను కూడా చెబుతాడు. సమాచారం చవకైందని కంగారు పడాల్సిన పని అమీర్‌పేటకు లేదు. ఆ వీధి పుట్టినప్పటి నుంచీ సమాచారం చవకే, అయినా వీధి నిండింది. ఈసారి ప్రమాదం వేరే వైపు నుంచి. ఆ క్లాసులు ఏ చిన్న పనికి మనిషిని తయారు చేసేవో, ఆ తొలి మెట్టు పనినే యంత్రం ఎత్తుకుపోతోంది. పైగా 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము అన్నారు. క్రమం చెప్పేవాడు ఉన్నా, పక్క మంచం ఉన్నా, చివర తలుపు లేకపోతే వరస ఎందుకు కడతారు? కోబాల్ దిగినప్పుడు జావా ఎక్కింది గానీ, ప్రతిసారీ ఎక్కడానికి ఇంకోటి ఉంటుందని ఎవరూ రాసివ్వలేదు. వీధి మాత్రం తన అలవాటు మానలేదు. అదే ఇనుప చట్రం, అదే సుతిలి తాళ్లు, కొత్త ఫ్లెక్సీ, అడుగున డెమో ఉచితమన్న చిన్న అక్షరాలు. దించిన ఫ్లెక్సీని హైదరాబాదులో ఎవరూ పారేయరు. తిరగేస్తే వానకు కప్పు, ఎండకు నీడ, సంతలో పాత కీబోర్డుల కింద పరుచుకోవడానికి పట్టా.