వేడినీళ్ళ లెక్క



స్నానమునకు నీళ్ళు కాచుట మనకు ఒక పనిగానే తోచదు. తెల్లవారకముందే లేచి పొయ్యి రాజవేయుట, కాగు నింపుట, పొగలో కండ్లు నులుముకొనుట, ఇవన్నియు పుట్టినింట నేర్చి మెట్టినింట సాగించు అలవాట్లు. ఈ పనికి కూడ లెక్క యున్నదనియు, ఆ లెక్క మనము వ్రాసికొననిచో మన కొఱకు మఱియెవ్వరును వ్రాయరనియు మా అక్కయ్య మూలమున నాకు తెలిసినది. ఆ సంగతి మీతో చెప్పుకొందమని ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

నా కాపురము వికారాబాదులో, అక్కయ్యది తాండూరు. బావగారు పోయిన పిదప ఆమె తన యింటినే ఆడపిల్లల హాస్టలుగా మార్చి, చుట్టుపట్ల పల్లెలనుండి చదువులకు వచ్చిన ముప్పదిమందికి తిండియు వసతియు చూచుచున్నది. తాండూరు ఇండ్లు మీలో కొందరు చూచియే యుందురు. ఆ నేలలో దొరకు సున్నపురాతి బండలే అరుగులకును, గచ్చులకును, పాత ఇండ్లలో కప్పులకును వాడుదురు. అక్కయ్య యింటి పెరటిలో ఒక పెద్ద కాగు. క్రింద కందికట్టె అంటించి, పైన తుమ్మమొద్దులు పేర్చి, నాలుగు గంటలకే మంట పెట్టును. తాండూరు కందులకు 2022లో భౌగోళిక గుర్తింపు లభించినప్పుడు మేమందరము సంతోషించితిమి. ఆ కందికట్టె పొగ మాత్రము ఏండ్ల తరబడి మా అక్కయ్య రొమ్ములో పేరుకొనుచు వచ్చినది.

2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము ప్రధానమంత్రి సూర్యఘర్ అను పథకమును ఆరంభించెను. ఇంటి కప్పుపై సోలారు పలకలు పెట్టుకొన్నవారికి 1 కిలోవాటునకు 30,000, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లకును ఆ పైకిని 78,000 రూపాయల సబ్సిడీ యని నిర్ణయించిరి. మా వారు వెంటనే దరఖాస్తు పెట్టిరి. ఆ వేసవిలోనే 3 కిలోవాట్ల పలకలు అమరినవి. సబ్సిడీ సొమ్ము బ్యాంకులో పడినది. నేను కనిపించిన వారికెల్ల ఆ మాట చెప్పుకొని మురిసితిని.

ఆ చలికాలమున అక్కయ్య దగ్గుతో మా యింటికి వచ్చినది. వికారాబాదు పక్కనున్న అనంతగిరి గాలి రొమ్మునకు మంచిదని పూర్వమే పేరు. క్షయరోగుల ఆరోగ్యనిలయము అచ్చటనే కట్టిరి గదా. నాలుగు దినములుండగా దగ్గు నెమ్మదించినది. వైద్యుడు, “అమ్మా, మందుకంటె ముందు పొగ మానుకొనుము” అని చెప్పెను. అప్పుడు నేను గర్వముగా, “అక్కా, సర్కారు సబ్సిడీ యున్నదిగా! నీవును సూర్యుని వేడినే వాడుకొనుము. కాగితములు నేను చూచుకొందును” అంటిని.

కాగితములు పట్టుకొని తిరిగితిమి. తీరా చూడగా అక్కయ్య మీటరు గృహ తరగతికి చెందినది కాదు, వ్యాపార తరగతికి చెందినది. సూర్యఘర్ సబ్సిడీ గృహములకు మాత్రమే. పోనీ, నీళ్ళు కాచు సోలారు హీటరునకు వేరు సాయమున్నదా యని అడిగితిమి. కేంద్రము ఒకప్పుడు 30 శాతము వరకు ఇచ్చెడిదట. 2014లోనే దానిని ఆపివేసిరట. నాకు సిగ్గయ్యెను. అక్కయ్య కోపపడలేదు. “చెల్లె, నీ యింట నలుగురు, నా యింట ముప్పదిమంది. నలుగురి దీపములకు సాయమున్నది. ముప్పదిమంది నీళ్ళకు లేదు. సరే, పద, రైలు వేళయైనది” అన్నది. ఆ మాట నన్ను చాల దినములు బాధించినది.

వ్యాపారస్థులకు ప్రభుత్వము ఏమియు ఇచ్చుట లేదా యని విచారించితిని. ఇచ్చుచున్నది, కాని దాని దారి వేరు. ఆదాయపు పన్ను లెక్కలలో యంత్రములకు తరుగుదల యని యుండును. సాధారణ యంత్రమునకు ఏటికి 15 శాతమైతే, సోలారు హీటర్లు, సోలారు పలకలు మొదలగు వానికి 80 శాతము ఇచ్చెడివారు. 2017 నుండి దానిని 40 చేసిరి. లక్ష రూపాయల సాధనము కొన్న వర్తకుడు మొదటి యేడు 40,000 తన ఆదాయములో తీసివేసి చూపవచ్చును. అతడు నూటికి 30 చొప్పున పన్ను కట్టువాడైనచో 12,000 మిగులును. పెద్ద హోటలునకును, కర్మాగారమునకును ఇది మంచి ప్రోత్సాహమే. కాని పన్ను కట్టునంత ఆదాయమే లేని అక్కయ్యకు దానివలన దమ్మిడీ లాభము లేదు.

చిన్నవారికిని అందినది ఒకటి గలదు. 2025 సెప్టెంబరు 22 నుండి సోలారు హీటర్లపై జి.ఎస్.టి.ని 12 నుండి 5 శాతమునకు తగ్గించిరి. 40,000 రూపాయల వస్తువుపై 2,800 తగ్గును. దీనికి దరఖాస్తు అక్కరలేదు, మీటరు తరగతి అడుగరు.

ఇతర దేశములలో ఎట్లున్నదో కూడ చదివితిని. బ్రిటనులో 2011లో వ్యాపార భవనములకు ఒక పథకము పెట్టిరి. కట్టెలు మొదలగు వానితో గాని సూర్యునితో గాని వేడి పుట్టించినవారికి, ఆ వేడిని మీటరుతో కొలిచి సొమ్మిచ్చెడివారు. ఉత్తర ఐర్లాండులో అట్టిదే 2012లో మొదలైనది. అచ్చట ఇచ్చు సొమ్ము ఇంధనపు ఖర్చును మించిపోయెను. ఎంత కాల్చిన అంత లాభమగుటచే వట్టి గదులను కూడ వేడి చేయుచున్నారను అపవాదు పుట్టినది. ఆ కలకలములో 2017 జనవరిలో అచ్చటి ప్రభుత్వమే కూలినది. పొదుపు కొఱకు పెట్టిన పథకము కాల్చినదానిని కొలిచెనే కాని, మిగిల్చినదానిని కొలువలేదు.

ఇది చదివినప్పుడు నాకొక సంగతి స్ఫురించెను. ఏ ప్రభుత్వమైనను తాను కొలువగలిగిన దానికే సాయము చేయును. కరెంటునకు మీటరున్నది గనుక దాని పొదుపు లెక్కకు వచ్చును. అక్కయ్య పొయ్యికి మీటరు లేదు. ఆమె దగ్గునకును, నిద్రకును అసలే లేదు. కావున ఆ లెక్క మనమే కట్టవలెనని నిశ్చయించి, తాండూరు పోయి ఆమె ప్రక్కన పుస్తకము పెట్టుకొని కూర్చుంటిని.

ఒక్కొక్క పిల్లకు చలికాలమున 15 లీటర్ల గోరువెచ్చని నీళ్ళు చాలును. ముప్పదిమందికి 450 లీటర్లు. 25 డిగ్రీల నీటిని 40 డిగ్రీలకు తెచ్చుటకు దాదాపు 8 యూనిట్ల వేడి కావలెను. గీజరు పెట్టినచో నెలకు సుమారు 235 యూనిట్లు. ఇవే నీళ్ళను సోలారు హీటరు 60 డిగ్రీలకు కాచి యిచ్చినచో, 200 లీటర్లకంటె తక్కువకే చన్నీళ్ళు కలిపి సరిపెట్టవచ్చును. అమ్మవచ్చిన మనిషి 500 లీటర్లది తప్పదని పట్టుబట్టెను. మేము మా లెక్క చూపి, కొంత అదనముంచి, 300 లీటర్లదానితో సరిపెట్టితిమి. ప్రభుత్వ సాయముకంటె ఆ ఒక్క లెక్కయే ఎక్కువ సొమ్ము మిగిల్చినది.

తాండూరు వంటి సున్నపురాతి నేలల వారికి మఱియొక హెచ్చరిక. అచ్చటి బోరునీటిలో సున్నము మెండు. కాగు అడుగున తెల్లని చెక్కు కట్టుట మీరెఱుగుదురు. సన్నని రాగి గొట్టములున్న హీటరులో ఆ చెక్కు చేరినచో దారి మూసికొనిపోవును. కావున మేము గాజు గొట్టముల రకమును ఎంచుకొని, ఏటికొకసారి కడిగింప నిశ్చయించుకొంటిమి.

2025 అక్టోబరులో, అక్కయ్య చీటీ పాడిన డబ్బుతో హీటరు వచ్చినది. కప్పుపైకి పోయినప్పుడు మఱియొక పని జ్ఞప్తికి వచ్చెను. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించి, క్రొత్తగా కట్టు వ్యాపార భవనములన్నిటికిని ఎండను త్రిప్పికొట్టు కప్పు ఉండవలెనన్నది. అందులో డబ్బు సాయము లేదు, పాత యింటికి నిర్బంధమును లేదు. అయినను సున్నము తాండూరులో కొరతయా? ఎండకాలము రాకముందే నల్లబండ కప్పునకు రెండు పూతలు తెల్లసున్నము కొట్టించుమని అక్కయ్యతో చెప్పి వచ్చితిని.

కాగును అక్కయ్య పారవేయలేదు. మబ్బు పట్టిన దినములలో నేటికిని పొయ్యి వెలుగును. కాని మొన్న నేను పోయినప్పుడు ఆమె జమాఖర్చుల పుస్తకములో ఒక క్రొత్త గడి చూచితిని. పాలు, బియ్యము, కూరలు అను గడుల తరువాత “పొయ్యి” అని వ్రాసి, మంట పెట్టని దినమున ఒక చుక్క పెట్టినది. ఆ నెలలో ఇరువదియాఱు చుక్కలున్నవి. “ఇది ఎవరికి చూపుటకు అక్కా?” అని అడిగితిని. “ఎవరికిని కాదు. ఇరువదియాఱు దినములు ఆఱు గంటల దాక పండుకొంటినని నాకు తెలియవలదా?” అన్నది. దగ్గు పూర్తిగా పోలేదు, తగ్గినది.

సోదరులు పథకముల పేర్లు చెప్పునప్పుడు మనము ఊరకుండక నాలుగు ప్రశ్నలు అడుగవలెను. మీటరు ఎవరి పేరున నున్నది? ఏ తరగతి? మనకు నిజముగా ఎన్ని లీటర్లు కావలెను? ఇప్పుడు నెలకెంత కాల్చుచున్నాము? హాస్టలు, మెస్సు, కుట్టుపని, పిండిమర, ఏది నడుపు స్త్రీకైనను ఇవి అవసరమే. గృహమునకు ఇచ్చిన సాయము గృహమునే ఆధారముగా చేసికొని వ్యాపారము సాగించు స్త్రీకి ఏల అందరాదని కూడ పెద్దలను అడుగుదము. అడుగుటకు ముందు మాత్రము మన పుస్తకములో మన పొయ్యికొక గడి గీసికొందము.