పొదిగే కోడి దగ్గర నేర్చుకొన్న పాఠము

కోడి తన పిల్లలను రెక్కల క్రింద చేర్చుకొనే సంగతి మీద నేను ఎన్నోసార్లు ప్రసంగించాను. కాని ఒక కోడిని దగ్గరుండి పొదిగించింది మాత్రం పోయిన సంక్రాంతి వెళ్ళిన తరువాతనే. ఆ 21 రోజుల్లో నేను చేసిన ఒక తప్పును దాచకుండా మీతో చెప్పుకోవాలని ఇది వ్రాస్తున్నాను.

మా సంఘములో కూలి చేసుకొని బ్రతికే ఒక విధవరాలు ఉంది. కూతురి కాన్పు కోసం గుంటూరు వెళ్ళవలసి వచ్చిన సమయానికే ఆమెకున్న ఒక్క పెట్టా పొదుగుకు వచ్చింది. గూడు వదలదు, చెయ్యి పెడితే ఈకలు నిక్కబొడుచుకొని పొడుస్తుంది. ఆమె ఆ సాయంత్రం కోడిని గంపలో పెట్టి గోనెపట్టా కప్పి, 11 గుడ్లను పాత చీర ముక్కలో మూటగట్టి మా ఇంటికి తెచ్చింది.

"అయ్యగారూ, నేను వచ్చేసరికి నెల పడుతుంది. పిల్లలైతే పెంచి అమ్ముకొని, పుట్టబోయే బిడ్డకు ఏదైనా చేయిద్దామనుకొంటున్నాను. మీరూ అమ్మగారూ కాస్త చూసుకోవాలి" అంది.

వంటింటి వసారాలో ఒక మూల చీకటిగా ఉన్న చోటు చూచి, వెడల్పు గంపలో ఇసుక పోసి, పైన వరిగడ్డి, పేలు పట్టకుండా గుప్పెడు వేపాకు వేసింది. బాగా చీకటి పడిన తరువాత గుడ్లు సర్ది, కోడిని వాటి మీద కూర్చోబెట్టింది. "రోజుకు ఒకసారి తనే లేస్తుంది. గింజలు, నీళ్ళు దగ్గర పెట్టండి చాలు. దాని దోవకు అడ్డం రాకండి" అని చెప్పి తెల్లవారి బస్సుకు వెళ్ళిపోయింది.

అలాగే జరిగింది. మధ్యాహ్నం వేళ కోడి లేచి, నాలుగు వడ్లు ఏరుకొని, నీళ్ళు త్రాగి, బూడిదలో పొర్లాడి, పావుగంటలో మళ్ళీ గుడ్ల మీదకు వచ్చేది. ముక్కుతో గుడ్లను తిరగవేసుకొనేది. రొమ్ము మీద ఈకలు పలుచబడి, దాని ఒంటి వేడి నేరుగా గుడ్లకు తగిలేది. రోజులు గడిచేకొద్దీ బరువు తగ్గి, ఎర్రని తురాయి పాలిపోయింది. 8వ రోజు రాత్రి నా భార్య ఒక్కొక్క గుడ్డునూ టార్చిలైటు ముందు పెట్టి చూసింది. తొమ్మిదింటిలో సాలెగూడులాగా ఎర్రని నరాలు కనిపించాయి. రెండు ఖాళీగా ఉంటే తీసివేశాము.

ఆ రోజుల్లో నా మనస్సులో మరొక భారం కూడా ఉంది. మా సంఘములో ఒక యౌవనస్థుడు తండ్రి చనిపోయినప్పటినుండి ఆరాధనకు రావడం మానేశాడు. నేను రెండు రోజులకొకసారి బైబిలు పట్టుకొని వెళ్ళి, దుఃఖం మరచిపోవాలనీ, తల్లిని చూచుకోవాలనీ, ఆదివారం తప్పక రావాలనీ బోధించేవాడిని. చివరకు నా సైకిల్ బెల్లు వినబడితే అతడు పెరటి దోవన వెళ్ళిపోవడం మొదలుపెట్టాడు.

20వ రోజు సాయంత్రం గుడ్లలోనుండి సన్నగా కిచకిచలు వినబడ్డాయి. కోడి కూడా గొంతులో మెల్లగా గురగురమంటూ జవాబు చెప్పింది. మరునాడు మధ్యాహ్నానికి ఏడు పిల్లలు బయటికి వచ్చాయి. ఒక గుడ్డు మాత్రం తెల్లవారినుండి చిన్న బెజ్జంతో అలాగే ఉంది. లోపల ముక్కు కదులుతున్నది.

"అది దాని పని, వదిలేయండి" అంది నా భార్య.

నాకు సాయంత్రం కూటానికి వెళ్ళాలని తొందర. పాపం, అలసిపోయిందనుకొని గోటితో పెంకు ఒలిచాను. లోపలి పొర చిరిగి రక్తం వచ్చింది. పిల్ల పొట్ట ఇంకా మూసుకోలేదు. నా అరచేతిలోనే కాసేపు కొట్టుకొని చనిపోయింది.

తరువాత పశువుల ఆసుపత్రిలో అడిగితే సంగతి తెలిసింది. బెజ్జం పెట్టిన తరువాత పిల్ల ఊరకే ఆగదు. పొరలోని రక్తాన్ని లోనికి తీసుకొంటుంది, మిగిలిన పచ్చసొనను పొట్టలోకి చేర్చుకొంటుంది. ఇందుకు ఒక పగలూ ఒక రాత్రీ కూడా పట్టవచ్చునట. నేను అలసట అనుకొన్నది అలసట కాదు, అది పని.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ యౌవనస్థుని ముఖమే కనిపించింది. అతని దుఃఖాన్ని కూడా నేను గోటితో ఒలుస్తున్నాను కదా అనిపించింది.

రెండు రోజుల తరువాత అతని ఇంటికి చేతిలో ఏమీ లేకుండా వెళ్ళాను. అతడు మందు కొట్టే స్ప్రేయర్ బాగుచేసుకొంటున్నాడు. ప్రక్కన కూర్చొన్నాను. వాళ్ళమ్మ ఇచ్చిన మజ్జిగ త్రాగి వచ్చేశాను. మూడవసారి వెళ్ళినప్పుడు అతడే నోరు విప్పి తండ్రి చివరి రోజుల సంగతి చెప్పాడు. నేను విన్నాను. ఇప్పటికీ అతడు ప్రతి ఆదివారం రాడు. కాని నన్ను చూచి పెరటి దోవ పట్టడం మానేశాడు.

కదలిక లేని ఆఖరి గుడ్డు మురిగిపోయింది. మిగిలిన ఏడు పిల్లలకు మొదటి రోజు మేత అవసరం లేకపోయింది. మరునాటినుండి నూకలు వేసి, మునిగిపోకుండా మూకుట్లో గులకరాళ్ళు వేసి నీళ్ళు పెట్టాము. 7వ రోజున కొక్కెర తెగులు రాకుండా కంట్లో టీకా చుక్క వేయించాము.

ఆ తల్లి తిరిగి వచ్చి పిల్లలను లెక్కపెట్టుకొంటుంటే నేను జరిగింది చెప్పి క్షమించమన్నాను. ఆమె నవ్వింది. "నేనూ మొదటిసారి ఒకదాన్ని అలాగే చంపుకొన్నాను అయ్యగారూ. అప్పటినుండి పిల్లలు దిగే రోజు పొలానికి పోతాను. ఇంట్లో ఉంటే చెయ్యి ఊరుకోదు" అంది.

యెరూషలేమును గూర్చి దుఃఖించినప్పుడు మన ప్రభువు తనను కోడితో పోల్చుకొన్న సంగతి మత్తయి సువార్త 23వ అధ్యాయంలో ఉంది. అక్కడ రెక్కలు చాచి పిలవడమే ఉంది, బలవంతం లేదు. రానివారిని బట్టి ఆయన దుఃఖపడ్డాడే గాని ఈడ్చుకొని రాలేదు. మన ఇండ్లలో కూడా బెజ్జం పెట్టి ఆగిపోయిన బిడ్డలు, దుఃఖంలో ఉన్నవారు ఉంటారు. వారి దగ్గర వెచ్చగా కూర్చొందాము. చేతులను మాత్రం అదుపులో ఉంచుకొందాము.