ఒక్క పౌండుకి అమ్మేసిన క్లబ్బు

గ్లాస్గోలో దిగిన మొదటి నెలలోనే ఒకాయన నన్ను అడిగాడు, "నువ్వు నీలమా, ఆకుపచ్చా?" అని. చొక్కా రంగు గురించేమో అనుకుని కిందకి చూసుకున్నాను. ఆయన పగలబడి నవ్వాడు. ఈ ఊళ్లో నీలం అంటే రేంజర్స్, ఆకుపచ్చ అంటే సెల్టిక్. వరల్డ్ కప్ ఫైనల్ తప్ప ఫుట్‌బాల్ చూడని నాలాంటి క్రికెట్ బ్యాచ్‌కి అప్పటికి ఆ రెండూ ఒకటే.

ఆయన నాతోపాటు వేర్‌హౌస్‌లో వీకెండ్ నైట్ షిఫ్ట్ చేసే పెద్దాయన. అరవై దాటాయి. పుట్టు రేంజర్స్ అభిమాని. నేను మాస్టర్స్ చదువుతూ పార్ట్‌టైమ్‌గా పెట్టెలు సర్దేవాణ్ని. ఒకరోజు టీ బ్రేక్‌లో మామూలుగా అన్నట్టు అన్నాడు, "మా క్లబ్బుని ఒకసారి ఒక్క పౌండుకి అమ్మేశారు, తెలుసా?"

జోకనుకున్నాను. జోక్ కాదు.

రేంజర్స్ 1872లో పుట్టిన క్లబ్బు. 1988లో డేవిడ్ మర్రే అనే వ్యాపారి దీన్ని 60 లక్షల పౌండ్లకు కొన్నాడు. ఆయన హయాంలో క్లబ్బు వరసగా తొమ్మిదిసార్లు లీగ్ గెలిచిన రికార్డు పూర్తి చేసింది. సెల్టిక్ ఐదు పౌండ్లు ఖర్చు పెడితే మేం పది పెడతాం అన్నంత ధీమా ఆయనది. ఆ పది ఎక్కడినుంచి వస్తున్నాయని స్టేడియంలో ఎవరూ అడగలేదు. "గెలుస్తున్నప్పుడు లెక్కలు ఎవడడుగుతాడు?" అన్నాడు పెద్దాయన. తనని కూడా కలుపుకునే అన్నాడు.

అప్పులు పెరిగాయి. ఆటగాళ్లకి ట్రస్టుల ద్వారా డబ్బులిచ్చిన పద్ధతి మీద పన్ను శాఖ కేసు మెడ మీద వేలాడింది. చివరికి 2011 మేలో మర్రే తన వాటాని క్రెయిగ్ వైట్ అనే ఆయనకి ఒక్క పౌండుకి అమ్మేశాడు. షరతు ఏంటంటే, బ్యాంకుకి బాకీ ఉన్న 1.8 కోట్ల పౌండ్లు తీర్చాలి. తీరింది కూడా. ఆ డబ్బు ఎక్కడినుంచి వచ్చిందన్నదే అసలు కథ.

రాబోయే కొన్నేళ్ల సీజన్ టికెట్ల మీద వచ్చే ఆదాయాన్ని టికెటస్ అనే సంస్థకి ముందే అమ్మి, రెండు కోట్ల పౌండ్లకు పైగా తెచ్చారు. అంటే క్లబ్బుని కొన్న డబ్బు ఈ పెద్దాయనలాంటి వాళ్లు ఇంకా జేబులోంచి తియ్యని డబ్బు!

అది వింటుంటే నా చేతిలో టీ చల్లారిపోయింది. ఎందుకంటే ఈ లెక్క నాకు బాగా తెలుసు.

మాది నూజివీడు దగ్గర పల్లె. మామిడి తోట పూత మీద ఉండగానే షావుకారు వచ్చి చుట్టూ తిరిగి రేటు కట్టేస్తాడు. కాయ నిలుస్తుందా, గాలికి రాలుతుందా అన్నది తర్వాత మాట. డబ్బు మాత్రం ముందే చేతికొస్తుంది. నా ఫీజు కోసం నాన్న తోటని ఒక ఏడాదికి కాదు, మూడేళ్లకి గుత్తకిచ్చేశాడు. ఆ సంగతి వీసా వచ్చాక గానీ నాకు తెలీదు. ఎంతకిచ్చాడో అప్పుడూ అడగలేదు. అడిగితే ఎక్కడ వెళ్లొద్దంటాడోనని భయం.

"తర్వాత ఏమైంది?" అన్నాను.

2012 ఫిబ్రవరి 14. ప్రేమికుల రోజునే రేంజర్స్ అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లింది. అంటే అప్పులు కట్టలేక తాళాలు తీసుకెళ్లి బయటి లెక్కల మనుషుల చేతిలో పెట్టడమన్నమాట. లీగ్‌లో 10 పాయింట్లు కోత. వైట్ వచ్చినప్పటినుంచి జీతాల్లో పట్టుకున్న పన్ను, వ్యాట్ ప్రభుత్వానికి సరిగ్గా కట్టనేలేదని బయటపడింది. పెద్ద ఆటగాళ్లు 75 శాతం దాకా జీతాలు తగ్గించుకున్నారు. అప్పులవాళ్ల జాబితాలో పన్ను శాఖ ఉంది, పోలీసులున్నారు, వేరే ఫుట్‌బాల్ క్లబ్బులున్నాయి. మ్యాచ్‌ల రోజు పిల్లల మొహాలకి రంగులేసే ఒకామె కూడా ఉంది. ఆమెకి రావాల్సింది 40 పౌండ్లు.

కొంటామని చాలామంది వచ్చారు. బ్లూ నైట్స్ పేరుతో అభిమానుల్లోంచే ఒక బృందం వచ్చింది. వాహనాలు లాగే ట్రక్కుల వ్యాపారం చేసే అమెరికన్ బిల్ మిల్లర్ దాదాపు ఖాయమైపోయి, మళ్లీ వెనక్కి తగ్గాడు. రాజీ ఒప్పందానికి పన్ను శాఖ ఒప్పుకోలేదు. పాత కంపెనీ మూసివేత బాట పట్టింది. చివరికి చార్లెస్ గ్రీన్ బృందం స్టేడియంతో సహా ఆస్తుల్ని 55 లక్షల పౌండ్లకు కొంది. టాప్ లీగ్‌లోకి తీసుకోవాలా వద్దా అని ఓటింగ్ పెడితే మిగతా క్లబ్బులు వద్దన్నాయి. నాలుగో డివిజన్‌కి, అంటే అట్టడుక్కి పంపారు.

వైట్ సంగతా? 2017లో గ్లాస్గోలో జ్యూరీ ఆయన్ని మోసం ఆరోపణల నుంచి నిర్దోషిగా వదిలేసింది. ఇది చెప్పి పెద్దాయన భుజాలెగరేశాడు.

ఇంతలో పక్క బల్ల మీదున్న ఆకుపచ్చ కుర్రాడు అందుకున్నాడు. "మీ పాత క్లబ్బు 2012లోనే చచ్చిపోయింది. ఇది కొత్తది." పెద్దాయన తలెత్తకుండానే, "చచ్చింది కంపెనీ, క్లబ్బు కాదు" అన్నాడు. ఈ గొడవ ఊళ్లో ఇప్పటికీ తెగలేదు. నాకు మన డెక్కన్ చార్జర్స్ గుర్తొచ్చింది. 2009లో కప్పు కొట్టిన టీమ్. సరిగ్గా అదే 2012లో యజమానుల అప్పుల మధ్య మాయమైపోయింది. మరుసటి ఏడాది సన్‌రైజర్స్ వచ్చింది, మనం జెర్సీ మార్చుకున్నాం. పాతదే కొత్తదా అని మనమెవ్వరం కొట్టుకోలేదు.

ఇక్కడ అలా జరగలేదు. 2012 ఆగస్టు 18న ఐబ్రాక్స్ స్టేడియంలో నాలుగో డివిజన్ మ్యాచ్. ఎదురుగా ఈస్ట్ స్టిర్లింగ్‌షైర్ అనే చిన్న జట్టు. చూడ్డానికి వచ్చినవాళ్లు 49,118 మంది.

"మీరూ వెళ్లారా?"

"వెళ్లక ఇంకెక్కడికి పోతాను?"

2016కి మళ్లీ టాప్ లీగ్‌కి చేరారు. 2021లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా 55వ టైటిల్ కొట్టారు. 2025 మే చివర్లో క్లబ్బు మళ్లీ చేతులు మారింది. ఆండ్రూ కవనా అనే అమెరికన్, ఫార్టీనైనర్స్ (49ers) ఎంటర్‌ప్రైజెస్ బృందం కలిసి 51 శాతం వాటా తీసుకున్నారు. 2 కోట్ల పౌండ్లు కొత్తగా పెడతామన్నారు. ఆ వారం షిఫ్ట్‌లో నేను కంగ్రాట్స్ చెప్పాను. పెద్దాయన మొహంలో పెద్ద సంబరమేం లేదు. ఫోన్లో వార్త మొత్తం మెల్లగా, వేలితో జరుపుకుంటూ చదువుతున్నాడు.

"మంచోళ్లే కావచ్చు. కానీ మా టికెట్ల డబ్బు ఎటు పోతుందో ఈసారి మేం అడుగుతాం. అప్పుడు అడక్కపోవడమే మా తప్పు."

తెల్లారి రూమ్‌కి నడుచుకుంటూ ఇంటికి ఫోన్ చేశాను. మామిడి సీజన్ ఆఖరు. షావుకారు మనుషులు తోటలో కాయ కోస్తున్నారన్నాడు నాన్న. పచ్చడికి కాయలు అమ్మ బజార్లో కొన్నదట. అది కూడా నవ్వుతూనే చెప్పాడు.

"నాన్నా, మూడేళ్లకీ ఎంతకిచ్చావు?"

అవతల కాసేపు మాట లేదు. "ఇప్పుడెందుకురా అవన్నీ, చదువుకో" అన్నాడు.

"చెప్పు నాన్నా."

చెప్పాడు. నేననుకున్న దాంట్లో సగం కూడా లేదు. మిగతాది ఎక్కడ తెచ్చాడో కూడా అడిగాను. ఒక్కొక్కటే చెప్తుంటే బస్టాప్‌లో నిలబడి ఫోన్లో నోట్ చేసుకున్నాను. ఎవరికి ఎంత, వడ్డీ ఎంత, ఎప్పటికి తీరాలి. అంతా అయ్యాక నాన్న అన్నాడు, "ఇంకో రెండు కాపులు పోతే తోట మళ్లీ మనదేరా."

నోట్‌లో చివరి లైన్‌గా అదీ రాసుకున్నాను: 2027.