చూరు కింద గోడ

విశాఖపట్నం నుంచి శ్రీకాకుళం వైపు సముద్రతీరపు పల్లెల్లోకి వెళితే, అక్కడక్కడ గడ్డివాముల్లాంటి ఇళ్ళు కనిపిస్తాయి. వాటిని చుట్టిళ్ళు అంటారు. దూరం నుంచి చూస్తే అసలు గోడ ఉన్నదా అని అనుమానం వస్తుంది. తాటాకు కప్పు అంత కిందికి దిగి ఉంటుంది.

మొదటిసారి వెళ్ళినప్పుడు నేను చాలినంత వంగక నుదురు కొట్టుకున్నాను. "చూరు ఇంత కిందికి దించారేమమ్మా?" అని ఆ ఇంటి ముసలమ్మను అడిగాను. ఆమె నవ్వి, "గోడ తడిస్తే ఇల్లు ఉంటాదా బాబూ?" అన్నది.

అది మట్టిగోడ. ఎండినంతకాలం గట్టిగా నిలుస్తుంది. నానితే మెత్తబడి జారిపోతుంది. ఆ తీరానికి తుపానులు కొత్త కావు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వద్దనే తీరం దాటింది. అటువంటి గాలిలో వాన నిలువుగా కురవదు, ఏటవాలుగా వచ్చి గోడను కొడుతుంది. చూరు ఎంత కిందికి ఉంటే గోడకు అంత మరుగు. పైగా చూరునీరు కొద్ది ఎత్తు నుంచే పడుతుంది కనుక ఎక్కువగా చిందదు. ఇల్లు గుండ్రంగా ఉండటం వల్ల గాలి కూడా పక్కలకు జారిపోతుంది.

నీరు పై నుంచే వస్తుందనుకోకండి. సుద్దముక్కను కొంచెం సిరాలో నిలబెట్టి చూడండి, సిరా పైకి ఎగబాకుతుంది. సుద్దలోని సన్నని రంధ్రాలే దానిని లాగుతాయి. మట్టికీ ఇటుకకూ అటువంటి రంధ్రాలున్నాయి. అందుకే గోడ చుట్టూ ఎత్తుగా అరుగు వేసి, నీరు బయటికి పోయేలా వాలు పెడతారు. ఎర్రమట్టితో మెత్తి, పేడతో అలుకుతారు. పగులు కనబడితే అప్పుడే పూడుస్తారు.

ఇదంతా చూసి వచ్చిన నేనే, ఉద్యోగం విరమించాక డాబా కట్టిస్తూ, నున్నగా కనబడాలని కిటికీలపై సన్‌షేడ్లు వద్దన్నాను. మేస్త్రీ రెండుసార్లు చెప్పాడు, వినలేదు. మూడో వానాకాలానికి వాన కొట్టే వైపు గోడ చెమ్మగిల్లింది. రంగు వేయించాను, పెచ్చులూడింది. మళ్ళీ వేయించాను! తాగిన నీరు లోపలే ఉండగా పైన రంగు నిలుస్తుందా? చివరకు సన్‌షేడ్లు పోయించి, గోడ మొదట్లో ఉన్న పూలమొక్కలు తీయించి, వేసవి అంతా ఆరనిచ్చి, అప్పుడు సున్నం కొట్టించాను.

చుట్టిళ్ళు ఇప్పుడు తగ్గిపోతున్నాయి. తాటాకు కొన్నేళ్ళకొకసారి మార్చాలి. నిప్పు భయం ఒకటి. పక్కా ఇల్లు కావాలనుకోవటం తప్పు కాదు. మీకు ఒక చుట్టిల్లు కనిపిస్తే, ఇంటివారిని అడిగి, చూరు నేలకు ఎన్ని జానల ఎత్తున ఉన్నదో కొలవండి. తల మాత్రం జాగ్రత్త.